నిప్పూ నూలూ ఒకే పేజీలో

ప్రశ్న క్లుప్తంగా ఇది. వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న ఇద్దరు స్నేహితురాళ్ళు చెరో సూపర్ హీరోయిన్‌ను తయారు చేసుకున్నారు. ఒకరిది పోగు. కొత్తవాడ మగ్గాల ఇంటి పిల్ల, ఏ దారాన్నైనా చెప్పినట్టు ఆడిస్తుంది. ఇంకొకరిది కణిక. గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ, చేత్తో పట్టుకున్నదాన్ని మండిస్తుంది. ఇద్దరినీ కలిపి 24 పేజీల కామిక్ వేసి 200 కాపీలు ప్రింట్ చేయించాలని ప్లాన్. ఇప్పటికి తొమ్మిది పేజీలు పెన్సిల్‌తో గీశారు. అందులో ఏడు పేజీలు వరంగల్ ఖిల్లాలో ఇద్దరి ఫైటే. అడిగింది ఏమిటంటే, ఇద్దరూ సమానంగా కనిపించాలంటే ఏం చేయాలి, ముందు కొట్టుకోవడం తప్పదా, కవర్ మీద ఎవరి పేరు ముందు రావాలి అని.

బిడ్డా, ఇద్దరికీ కలిపే చెబుతున్నా. గీత బాగుంది. చేతులు గీయడం చాలామందికి రాదు, మీకు వచ్చింది. కానీ ఆ తొమ్మిది పేజీల్లో ఏడు తీసేయండి. ఖిల్లాలో ఉన్నవే నాలుగు తోరణాలు, మీ ఫైట్‌లో మూడు విరిగిపోయాయి. పురావస్తు శాఖవాళ్ళు చూస్తే విలన్‌ను వదిలేసి మీ హీరోయిన్ల వెంట పడతారు.

నా గురించి రెండు ముక్కలు. హనుమకొండలో 22 ఏళ్ళుగా డీటీపీ, బొమ్మల పని చేస్తున్నాను. పిల్లల పత్రికలకు కామిక్ పేజీలు గీశాను. అంతకంటే ఎక్కువగా వేరేవాళ్ళు గీసిన పేజీల్లో మాటలు నింపాను. పుట్టి పెరిగింది గోదావరిఖని క్వార్టర్లలో, నాన్న మైనింగ్ సర్దార్, అంటే బాయిలో కార్మికుల భద్రత చూసే ఉద్యోగి. అందుకని కణిక గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, పోగును గీసిన అమ్మాయి ఏమనుకోవద్దు.

ముందు ఆ ఫైట్ సంగతి. ఇద్దరు హీరోలు ఎదురుపడగానే అపార్థం, తర్వాత ఫైట్, తర్వాత షేక్‌హ్యాండ్, చివరికి ఇద్దరూ కలిసి విలన్ మీద పడడం. అమెరికా కామిక్స్‌లో ఇది పాత అలవాటు. కథకు అవసరమై వచ్చింది కాదు, అమ్మకం కోసం వచ్చింది. 'ఇద్దరిలో ఎవరు గొప్ప' అని పిల్లలు బడిలో వాదించుకుంటారు కదా, ఆ తగువునే కవర్ మీద వేసి అమ్మారు. 1972లో మార్వెల్ వాళ్ళు 'మార్వెల్ టీమ్-అప్' అని దీనికోసమే ఒక పత్రిక మొదలుపెట్టారు. ఎక్కువ సంచికల్లో స్పైడర్‌మ్యాన్ ఉంటాడు, పక్కన జోడీ మారుతుంటుంది. 1976లో మార్వెల్, దాని పోటీ కంపెనీ డీసీ రాజీపడి సూపర్‌మ్యాన్‌ను, స్పైడర్‌మ్యాన్‌ను ఒకే పుస్తకంలోకి దింపినప్పుడు కూడా వాళ్ళు ముందు ఒకరినొకరు బాదుకున్నాకే కలిశారు. మన మల్టీస్టారర్ సినిమాల్లో ఇద్దరు హీరోలకూ ఫైట్లు, పాటలు లెక్కపెట్టి పంచినట్టే ఇదీ. అభిమానులు అలగకుండా ఉండడానికి ఆ లెక్క. మీకింకా అభిమానులు లేరు, ఆ టెన్షన్ మీకెందుకు?

హీరోయిన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు ఇంకో వంకర తిరిగింది. సూపర్‌గర్ల్ 1959లో వచ్చింది. బార్బరా గోర్డన్ బ్యాట్‌గర్ల్‌గా 1967 మొదట్లో వచ్చింది. ఆ ఏడాదే 'వరల్డ్స్ ఫైనెస్ట్' అనే కామిక్ పత్రిక 169వ సంచికలో ఇద్దరినీ కలిపారు. కలిసి వాళ్ళు చేసే పనేమిటో తెలుసా? సూపర్‌మ్యాన్‌ను, బ్యాట్‌మ్యాన్‌ను పక్కకు తప్పించే కుట్ర! చివరికి తేలేదేమిటంటే, కుట్ర చేసినవాళ్ళు అసలు సూపర్‌గర్ల్, బ్యాట్‌గర్ల్ కానే కారు, వేషాలేసుకున్న వేరే ఇద్దరు. ఇద్దరు ఆడపిల్లలు ఒకచోట చేరితే ఏదో కుట్రే అయి ఉండాలి, లేదా వాళ్ళు నకిలీ అయినా అయి ఉండాలి. ఆ రోజుల్లో ఆ కథ రాసినవాళ్ళకు మూడో దారి తట్టలేదు.

మూడో దారి చూడాలంటే 'బర్డ్స్ ఆఫ్ ప్రే' చదవండి. 1996లో చక్ డిక్సన్ రచనతో ఒక ప్రత్యేక సంచికగా మొదలైంది, 1999 నుంచి సొంత సిరీస్ అయింది. అందులో బ్లాక్ కెనరీ వీధిలో తిరిగి కొట్టే మనిషి. ఆమె చెవిలో వినిపించే గొంతు ఆరకిల్‌ది. ఆరకిల్ ఎవరో కాదు, అదే బార్బరా గోర్డన్. 1988 నాటి ఒక కథలో బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ ఆమెను తుపాకీతో కాల్చాడు, అప్పటి నుంచి చక్రాల కుర్చీ. అక్కడితో ఆమె పని అయిపోయిందనుకున్న సమయంలో కిమ్ యేల్, జాన్ ఓస్ట్రాండర్ దంపతులు 1989లో ఆమెను సమాచారం సేకరించే ఆరకిల్‌గా మళ్ళీ నిలబెట్టారు. ఈ సిరీస్‌లో ఇద్దరూ చాలా కాలం ముఖాముఖి కలవనే కలవరు. కెనరీకి ఎదుట ఉన్న మనిషి కనిపిస్తాడు, ఆరకిల్‌కు ఆ మనిషి వెనక ఉన్న లెక్కలు కనిపిస్తాయి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. ఇద్దరిలో ఎవరు బలమైనవాళ్ళు అన్న ప్రశ్న చదువుతున్నంతసేపూ మనకు గుర్తే రాదు. 2003 నుంచి దాన్ని రాసిన గెయిల్ సిమోన్ ఎవరంటే, అంతకు నాలుగేళ్ళ ముందు, కామిక్స్‌లో చంపేసిన, గాయపరిచిన సూపర్ హీరోయిన్ల పేర్లు జాబితా కట్టి ఇంటర్నెట్‌లో పెట్టిన మనిషే.

రెండు శక్తులు కలిపితే జోడీ కథ అవదు. ఒకామె లోకాన్ని ఇంకొకామె కళ్ళతో చూపిస్తే అవుతుంది. ఇది నేను పుస్తకాలు చదివి నేర్చుకోలేదు, పరువు పోయి నేర్చుకున్నాను.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. ఒక పిల్లల పత్రికకు ఎనిమిది పేజీల కథ వేశాను. ఇద్దరు అమ్మాయిలు, ఒకరిది అడవి పక్క గూడెం, ఇంకొకరిది టౌను. ఐదో పేజీ పక్కన ప్రకటన వచ్చి పడింది. బొమ్మలో పిల్లలు ప్రకటన వైపు వీపు పెట్టారని, పేజీ పేర్చే అతను బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేశాడు. బొమ్మ తిరిగింది, వేరే లేయర్‌లో ఉన్న బెలూన్లు, అంటే మాటలు రాసే బుడగలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. దాంతో ఒకరి మాటలన్నీ ఇంకొకరి నోటికి తగులుకున్నాయి. పేజీ మొత్తం, ఆరు బొమ్మల గళ్ళలోనూ. అచ్చయి వచ్చాక చూసి అతనితో పెద్ద గొడవ పెట్టుకున్నాను. చదివినవాళ్ళ నుంచి ఉత్తరాలు వస్తాయి, తప్పు దిద్దుతూ వచ్చే నెల రెండు లైన్లు వేయమందాం అని ఎదురుచూశాను. ఒక్క ఉత్తరమూ రాలేదు. పిల్లలు పట్టుకోలేదు, పెద్దలు పట్టుకోలేదు, మా ఇంట్లోవాళ్ళు కూడా పట్టుకోలేదు. పదిహేను రోజుల తర్వాత నేనే ఆ పేజీ ముందేసుకుని కూర్చుంటే అప్పుడు తెలిసింది. ఆ మాటలు ఎవరి నోటికైనా సరిపోతాయి. నేను గీసింది ఇద్దరిని, రాసింది ఒక్కరిని. తిట్లు తిన్నది పాపం ఆ పేజీలతను.

అప్పటి నుంచి ఏ జోడీ కథ నా దగ్గరికి వచ్చినా బెలూన్లు తారుమారు చేసి చదువుతాను. మీ ఏడో పేజీ అలాగే చదివాను. పోగు, "ఎవరు నువ్వు? ఇక్కడికి ఎందుకొచ్చావు?" అంటుంది. కణిక, "నన్ను ఆపడం నీవల్ల కాదు!" అంటుంది. మార్చి చూడండి. ఏమన్నా తేడా తెలిసిందా? అలిసన్ బెక్‌డెల్ 1985లో తన కామిక్ స్ట్రిప్‌లో పెట్టిన పరీక్ష మీరు వినే ఉంటారు: కథలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగాడి గురించి కాకుండా ఉండాలి. మీ తొమ్మిది పేజీలు దాన్ని దర్జాగా పాసయ్యాయి. నా బెలూన్ పరీక్షలో మాత్రం ఫెయిల్.

గొంతు వేరు కావడమంటే ఒకరికి యాస, ఇంకొకరికి పుస్తక భాష పెట్టడం కాదు. ఆ పని అసలు చేయకండి. వేర్వేరు పనుల్లో పెరిగిన మనుషులు లోకాన్ని వేర్వేరుగా కొలుస్తారు. మా క్వార్టర్లలో గడియారం కన్నా సైరన్ మీదే నమ్మకం ఎక్కువ. మా అమ్మ "మూడింటికి రా" అనేది కాదు, "మొదటి షిఫ్ట్ విడిచేటప్పటికి ఇంట్లో ఉండాలె" అనేది. మగ్గం ఇంటి పిల్లకు కాలం జానెడు, బారెడు. ఎంత నేస్తే అంత పొద్దు. దీన్ని పట్టుకుంటే మాటలు వాటంతట అవే విడిపోతాయి. పోగు అంటుంది: "ఆగు. ముడి పడ్డది. గుంజితే తెగుతది." కణిక అంటుంది: "ఎంతసేపాగాలె? ఆడ సైరన్ కూసింది." ఇప్పుడు బెలూన్లు మార్చండి చూద్దాం. మారవు.

ఇక అసలు సంగతి. మీ చేతిలో ఎంత మంచి సరుకు ఉందో మీరే చూసుకోలేదు. ఒకామె నూలు, ఒకామె నిప్పు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు, ఒకరికి ఒకరు ప్రమాదం. దీనికి మళ్ళీ అపార్థం పేరుతో ఫైట్ ఎందుకు పెట్టారు? కణికను ఒక్కసారి కొత్తవాడకు తీసుకురండి. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చుని పోగు వాళ్ళమ్మ జంపఖానా నేస్తుంటుంది. ఈ జంపఖానాలకే 'వరంగల్ దరీలు' అన్న పేరుతో 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అది మీకు తెలిసిందే. పడుగు చాపి ఉంటుంది, కండెలు గుట్టగా ఉంటాయి, గాలిలో దూది నలుసు తేలుతుంటుంది. కణిక చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? కూర్చోమని ఆ అమ్మ పీట వేస్తే, కూర్చోకుండా చేతులు చంకల్లో దాచుకుని గుమ్మం బయటే నిలబడుతుంది. "లోపలికి రావేందమ్మా, మేమేమన్న కానివాళ్ళమా?" అంటుంది ఆ అమ్మ. పోగుకు మాత్రం ఆ పిల్ల వేళ్ళ మధ్య ఎర్రగా మెరుస్తున్నది కనిపిస్తుంది. ఒక్క పేజీ చాలు దీనికి. మీ ఏడు పేజీల ఫైట్ కన్నా ఇందులో టెన్షన్ ఎక్కువ.

ఇప్పుడు అటు వైపు, బొగ్గుబాయి. మీ రెండో పేజీలో కణిక బాయిలో చేతినిండా మంటతో నిలబడి ఉంది. బొమ్మ అదిరింది. కానీ మా నాన్న చూస్తే గుండె ఆగిపోయేది. భూగర్భ గనిలో నిప్పు నిషేధం. బాయి దిగే ముందు ఒళ్ళంతా తడిమి చూస్తారు, బీడీ, అగ్గిపెట్టె, లైటర్ ఏదీ లోపలికి పోనివ్వరు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉందంటే ఒక్క రవ్వ చాలు. అంటే మీ కణికకు ఏ శక్తి ఉందో, ఆ శక్తే ఆమెను సొంత ఊరి బాయికి శత్రువును చేసింది. తండ్రి రోజూ దిగే చోటికి ఆమె దిగడానికి లేదు.

ఇంకోటి ఉంది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి పెట్టకూడదంది. 2019లో కేంద్రం కొంత సడలించింది. సాంకేతిక, సూపర్‌వైజరీ, మేనేజర్ స్థాయి పనుల్లో ఉన్న ఆడవాళ్ళు, తమ రాతపూర్వక అంగీకారంతో, పగటి పూట దిగవచ్చంది. మా చిన్నతనంలో అదీ లేదు. బాయి గురించి నాకు తెలిసిందంతా నాన్న ఒంటికి అంటుకుని ఇంటికి వచ్చిన నల్లదనం, అన్నం తింటూ చెప్పిన కబుర్లు. కణిక కూడా అలాంటి పిల్లే కదా. రెండు రకాలుగా గడప దాటనివ్వని చోటికి ఆమె దిగాల్సి వస్తే, అదే కథ. విలన్ ఎవరన్నది తర్వాత చూసుకోవచ్చు.

మరి ఆమె ఎలా దిగుతుంది? పోగు ఉంటేనే దిగగలదు. ఇది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నాన్న డ్యూటీకి పోయేటప్పుడు సేఫ్టీ ల్యాంప్ తీసుకుపోయేవాడు. నిప్పు నిషేధమన్న చోటికి మంట ఎలా తీసుకుపోతావు అని అడిగితే నవ్వి, "జాలీ ఉంటది బిడ్డా" అన్నాడు. 1815లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన ఉపాయం అది. మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ. లోపలికి గ్యాస్ వచ్చి అంటుకున్నా, ఆ వేడిని జాలీ తీగలు లాగేసుకుంటాయి, బయట ఉన్న గ్యాస్ అంటుకునేంత వేడి దాటిపోదు. పైగా ఆ మంటే మీటరు కూడా. మీథేన్ ఉంటే మంట మీద నీలిరంగు టోపీలాంటిది లేస్తుంది, ఎక్కువయ్యేకొద్దీ పెరుగుతుంది. ఊపిరాడని గాలి అయితే మంట ఆరిపోతుంది.

జాలీ అంటే ఏమిటి? నేతే కదా! నిలువు పడుగూ అడ్డం పేకా, దారం బదులు తీగ. దాన్ని నేయగలిగే పిల్ల మీ దగ్గర ఉంది. మంట మీ దగ్గర ఉంది. పోగు నేసిన జాలీ చేతితొడుగులా కణిక పిడికిలి చుట్టూ బిగుస్తుంది, లోపల మంట వెలుగుతుంది, బయట చీకటి ఏమీ అంటుకోదు. ఆ మంట ఇక ఆయుధం కాదు. బాయిలో గాలి ఎక్కడ చెడిందో చెప్పే చూపు. తీగ ఎక్కడిదంటారా, మీ రెండు ఊళ్ళకూ దగ్గర్లోనే కరీంనగర్ ఉంది, వెండి తీగ పనికి పేరున్న ఊరు. వేడిని మోయడంలో వెండిని మించిన లోహం లేదు. ఇంత చక్కగా కలిసొచ్చిన భూగోళాన్ని వదిలేసి మీరు ఖిల్లాలో రాళ్ళు పగలగొట్టుకుంటున్నారు.

ఈ సీను 17, 18 పేజీల్లో పెట్టండి. మాటలు వద్దు. కళ్ళు చెదిరే రంగులూ వద్దు. గడి నిండా నలుపు, మధ్యలో పిడికిలి, జాలీ నీడ గోడ మీద గళ్ళు గళ్ళుగా పడాలి. మూడో గడిలో ఆ మంట మీద నీలి టోపీ లేవాలి. కణికకు దాని అర్థం తెలుసు, పోగుకు తెలియదు. పాఠకుడికి తెలియాలంటే ముందు ఎక్కడో, ఆరో పేజీలోనో ఏడో పేజీలోనో, కణిక తండ్రి నోట ఒక మాట వేసి ఉంచండి.

విలన్‌గా మీరు పెట్టిన పిచ్చి సైంటిస్ట్ వద్దు. ఈ కథకు గ్యాస్ రీడింగులు చూడకుండానే రిజిస్టర్‌లో 'బాగుంది' అని రాసిపెట్టే ఒక మనిషి చాలు. అతనికి శక్తులేమీ అక్కర్లేదు, పెన్ను ఉంటే చాలు. రుద్రమదేవి ఆత్మ వచ్చి ఇద్దరికీ కత్తులివ్వడం కూడా తీసేయండి. 13వ శతాబ్దంలో రాజ్యమేలి, సామంతుల తిరుగుబాట్లు అణచిన మనిషి ఆమె. వరంగల్‌లో జరిగే ప్రతి ఫంక్షన్‌కూ పిలుస్తూనే ఉన్నాం, ఈసారికి వదిలేద్దాం.

ఇద్దరూ ఎక్కడ కలవాలి అన్నదానికి నా ఓటు కాజీపేట జంక్షన్‌కు. ఇద్దరి ఊరూ కాదు. హైదరాబాద్ లైను, విజయవాడ లైను, రామగుండం మీదుగా బల్లార్షా పోయే లైను అక్కడే కలుస్తాయి. ఒక ప్లాట్‌ఫారం మీద జంపఖానాల మూటలు, అవతల పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు. గీయడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎలా కలవాలి అన్నదానికి మన దగ్గరే ఒక పాఠం ఉంది. మేడారం జాతరలో మొదటి రోజు సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. రెండో రోజు సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తుంది. దారులు వేరు, రోజులు వేరు, వచ్చాక కూర్చునే గద్దెలూ వేరు. మూడో రోజు ఇద్దరూ గద్దెల మీద ఉన్నప్పుడు జనం పోటెత్తుతారు. అమ్మవార్లకు సూపర్ హీరో కేప్ తొడగమని కాదు నేను చెప్పేది, ఆ జోలికి పోవద్దు. ఒక్కొక్కరి రాకకూ ఒక్కొక్క పొద్దు ఇవ్వడం అనే పద్ధతి మాత్రం తీసుకోండి. మొదటి ఐదు పేజీలు పోగువి, తర్వాతి ఆరు కణికవి. ఒకరి పేజీల్లో ఇంకొకరి నీడ కూడా పడొద్దు. కణికకు ఒక పేజీ ఎక్కువెందుకని అడగకండి, బాయిని పరిచయం చేయడానికి జాగా కావాలి. సమానమంటే గళ్ళు లెక్కపెట్టడం కాదు.

12, 13 పేజీలు ఎదురెదురుగా వస్తాయి కదా. 24 పేజీల సెంటర్ పిన్ పుస్తకంలో ఆ రెండే ఒకే కాగితం మీద అచ్చవుతాయి, మధ్యలో బొమ్మ తెగదు. ఇద్దరూ మొదటిసారి ఒకే గడిలో కనిపించాల్సింది అక్కడ, కాజీపేట ప్లాట్‌ఫారం మీద. కొత్తవాడ గుమ్మం సీను దాని తర్వాతే. కవర్ విడిగా మందం కాగితం మీద వేయించండి, అప్పుడే లోపలి లెక్క ఇలా కుదురుతుంది.

లెటరింగ్, అంటే బెలూన్లలో మాటలు పేర్చడం గురించి నాకు చెప్పాలని ఉన్నదంతా చెబితే తెల్లారిపోతుంది, ముఖ్యమైనవి చెబుతాను. మనం ఎడమ నుంచి చదువుతాం కాబట్టి గడిలో ఎడమ పక్క నిలబడ్డ మనిషే ముందు మాట్లాడాలి. మీరు అందం కోసం ప్రతి గడిలోనూ పోగును ఎడమ పక్క పెట్టారు, అందుకే కథ మొత్తం ఆమే నడిపిస్తున్నట్టుంది. సమానం కావాలంటే ముందు ఇది సరిచేయండి. కొత్తవాడ సీనులో పోగు ఎడమ, బాయిలోకి దిగగానే కణిక ఎడమ. ఎవరి ఇంట్లో వాళ్ళకు మొదటి మాట.

ఇంగ్లిష్ కామిక్స్‌లో ఎక్కువగా పెద్దక్షరాల్లో రాస్తారు, వాటికి కిందికి దిగే తోకలుండవు. మనకు పైన గుడి, కింద వత్తు. పదో సైజు అక్షరానికి నేను కనీసం పదిహేను పాయింట్ల వరుస ఎడం ఇస్తాను. లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల్లో ఇరుక్కుంటాయి. ఒక బెలూన్‌లో పన్నెండు మాటలు దాటనివ్వకండి. అరుపుకు అక్షరాన్ని పక్కకు వంచొద్దు, వంగిన తెలుగు అక్షరం పడిపోతున్నట్టుంటుంది. సైజు పెంచండి, లావు చేయండి. 'బూమ్', 'పౌ' లాంటివి తీసేయండి. మన భాషలో శబ్దాలకు కరువా? సర్రున, భళ్ళున, గుభేలున, చిటపట. పోగు వచ్చినప్పుడల్లా టకటక అని మగ్గం చప్పుడు రావాలి. బాయిలో మాత్రం ఏ శబ్దమూ రాయొద్దు, ఒక్కచోట నీటిబొట్టు 'టప్' అంటే చాలు.

కవర్ మీద పేరుకు గొడవ పడకండి. 200 కాపీలకు ఎలాగూ డిజిటల్ ప్రింటే వేయిస్తారు, అందులో ప్లేట్ల ఖర్చు ఉండదు. 100 కాపీల మీద 'పోగు, కణిక', 100 కాపీల మీద 'కణిక, పోగు'. ఎవరి చుట్టాలకు వాళ్ళ కాపీలు పంచుకోండి. అలాగే, ఇప్పుడు స్నేహంగా ఉన్నప్పుడే ఒక కాగితం రాసుకోండి: పోగు ఈమెది, కణిక ఆమెది, ఈ ఒక్క కథ ఇద్దరిదీ, ఒకరి పాత్రను ఇంకొకరు వాడాలంటే అడగాలి. సంతకాలు, తేదీ. ఇది అపనమ్మకం అనుకోకండి. పాత్రలకు హక్కుదారు ఎవరన్న తగువులు పెద్ద పెద్ద కంపెనీలనే దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిప్పాయి.

చివరగా ఒక చిన్న దిద్దుబాటు. నాలుగో పేజీలో కణిక తండ్రి హెల్మెట్‌కు క్యాప్ ల్యాంప్ గీశారు, వైరు మర్చిపోయారు. ఇప్పుడు వైరు లేనివి కూడా వచ్చాయి కానీ, మీ కథ ఆమె చిన్నతనంలో మొదలవుతోంది కాబట్టి పాతదే గీయాలి. దీపం నుంచి వైరు వెనక్కి, వీపు మీదుగా నడుముకు కట్టుకున్న బ్యాటరీ దాకా వస్తుంది. నాన్న ఇంటికి రాగానే ఆ వైరు ఆనుకున్న జాగా మాత్రం చొక్కా మీద సన్నటి గీతలా నల్లబడకుండా ఉండేది. ఆ గీత కూడా వేయండి.